ముక్కు పైకెత్తిన బండ్ల వెంట: దక్షిణ కాలిఫోర్నియాలో గ్యాసర్లు

శుక్రవారం సాయంత్రం, బర్బ్యాంక్

రివర్‌సైడ్ డ్రైవ్ మీద ఉన్న బాబ్స్ బిగ్ బాయ్ హోటల్‌ను 1949లో కట్టారు. ఎర్రగళ్ల బట్టలు వేసుకుని, చేత్తో బర్గర్ ఎత్తి పట్టుకున్న బొద్దు పిల్లవాడి బొమ్మ ముంగిట్లో నిలబడి ఉంటుంది. శుక్రవారం పొద్దు వాలేసరికి వెనక ఉన్న పార్కింగ్ స్థలం పాత కార్లతో నిండిపోతుంది. ప్రవేశ రుసుము లేదు, బహుమతులు లేవు, మైకు పట్టుకుని ఎవరూ ఉపన్యాసం చెప్పరు. వచ్చినవాళ్లు బండి ఆపి, బానెట్ ఎత్తి, డికీలోంచి మడత కుర్చీ తీసి వేసుకుని కూర్చుంటారు. మిగిలినవాళ్లు ఆ వరుసల మధ్య తిరుగుతారు.

నేను వెళ్లింది ఒకే రకం బండి కోసం. మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. నా చిన్నతనమంతా లారీ ఇరుసుల మధ్య, కమాను కట్టల మధ్య గడిచింది. కాలేజీ రోజుల్లో ఒక పాత అమెరికన్ పత్రికలో ఒక కారు బొమ్మ చూశాను. ముక్కు పైకెత్తి, ముందు చక్రాలు సన్నగా, వెనకవి లావుగా ఉన్న కారు. దాని ముందు భాగం కింద అడ్డంగా, లారీకి ఉండేలాంటి ఇరుసు! కారు ముందువైపు ఉండాల్సిన స్ప్రింగుల అమరిక అంతా పీకేసి దుంగలాంటి ఇరుసు ఎందుకు బిగించారో నాకు అంతుపట్టలేదు. నాన్నగారికి చూపిస్తే ఆయన కాసేపు చూసి, ‘ఇది చేసినవాడికి పని వచ్చు. ఎందుకు చేశాడో వాడినే అడగాలి’ అన్నారు. ఇన్నేళ్లకు అడిగే అవకాశం వచ్చింది. మా మేనల్లుడు అర్వైన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ‘మామయ్యా, సెలవు పెడతాను, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తాను’ అన్నాడు.

ఆ రకం బండిని గ్యాసర్ అంటారు. అమెరికాలో పెట్రోలును గ్యాస్ అంటారు కనుక ఆ పేరు వచ్చింది. వేగం కోసం మార్చి కట్టిన పాత కారును హాట్ రాడ్ అంటారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి, వీధుల్లో సాగే పందేలను మైదానాలకు మళ్లించడం మొదలుపెట్టాడు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, ఉన్నచోటు నుంచి తిన్నగా పావు మైలు పరుగెత్తే పందేలవి. నైట్రోమీథేన్ వంటి ఘాటు ఇంధనం పోసుకునే బండ్లు ఒక వైపు, బంకులో దొరికే పెట్రోలుతోనే పరుగెత్తే బండ్లు మరో వైపు అయ్యాయి. బండి బరువును ఇంజన్ ఘనపరిమాణంతో భాగించి, వచ్చిన అంకెను బట్టి ఎ, బి, సి అంటూ తరగతులు పెట్టారు. ఇంజన్లోకి గాలిని బలవంతంగా కూరే సూపర్‌చార్జర్ ఉంటే దానికి వేరే తరగతి. పెద్ద డబ్బు లేని కుర్రవాడు కూడా పాత కారు ఒకటి సంపాదించి, తనకు తగిన తరగతిలో నిలబడగలిగే ఏర్పాటు అది.

ఆ సాయంత్రం వచ్చిన గ్యాసర్లలో అందరి కళ్లూ ఒక ఎర్రని 1941 విలీస్ మీదే ఉన్నాయి. అద్దంలా మెరిసే రంగు. గ్రిల్లు ముందు గుండ్రటి అల్యూమినియం పెట్రోలు ట్యాంకు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్, ఆ ట్యాంకులోంచి ఇంజన్‌కు గొట్టమే లేదు. అందం కోసం పెట్టిందట. పనివాడి చేతిలో లోపం లేదు, కానీ నా మనసు దాని మీద నిలవలేదు. దాని పక్కనే బొద్దింక రంగులో చిన్న ఇంగ్లిష్ ఫోర్డ్ ఆంగ్లియా ఒకటి ఉంది. ఇంజన్ పెద్దది, బండి చిన్నది. డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోటును కోసి మళ్లీ అతికారు. ఆ వెల్డింగ్ గీతల్ని దాచకుండా అలాగే వదిలేశారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

అక్కడి మర్యాద ఒకటి వెంటనే తెలిసింది. బండిని ఎవరూ ముట్టుకోరు. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తారు. ఏదైనా భాగం గురించి అడిగితే మాత్రం యజమాని కుర్చీలోంచి లేచి వచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పందే వదలడు. చేతికి గ్రీజు ఉంటే కరచాలనానికి మణికట్టు చాపుతాడు.

గొడ్డు మాంసం తినం కనుక చికెన్ శాండ్‌విచ్, ఫ్రైస్, మిల్క్‌షేక్ తీసుకున్నాం. షేక్‌ను గ్లాసులో పోసి, మిగిలింది కలిపిన స్టీలు పాత్రతో సహా బల్ల మీద పెట్టారు. టిప్పుతో కలిపి 45 డాలర్ల దాకా అయింది.

శనివారం తెల్లవారుజాము, హంటింగ్టన్ బీచ్

ఆడమ్స్ అవెన్యూ, మాగ్నోలియా వీధి కలిసే మూలలో ఒక డోనట్ దుకాణం ఉంది. శనివారం చీకటితోనే అక్కడ పాత కార్లు చేరతాయి, ఎండ ఎక్కేలోగా వెళ్లిపోతాయి. దీన్ని నడిపే సంఘమంటూ ఏదీ లేదు, నమోదూ లేదు. మేం వెళ్లేసరికి సముద్రం వైపు నుంచి మంచు కమ్ముకుని ఉంది. దుకాణం కిటికీ వెలుగులో ఆవిర్లు కక్కే కాఫీ కప్పులతో జనం నిలబడి ఉన్నారు. దక్షిణ కాలిఫోర్నియాలో డోనట్ దుకాణాలు చాలావరకు కంబోడియా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు నిలబెట్టినవి. గులాబీ రంగు అట్టపెట్టెలో డజను కట్టించుకోవడం ఇక్కడి ఆచారం. నేను తిన్నది బటర్‌మిల్క్ డోనట్. పైన కరకర, లోపల మెత్తన, తీపి మరీ ఎక్కువ కాదు. కాఫీతో కలిపి 5 డాలర్ల లోపే.

ముందు శబ్దం వచ్చింది. నిలకడగా మోగే ఇంజన్ కాదు. ఆగిపోతుందేమో అనిపించి, మళ్లీ అందుకుని, గుండెల్లో దడదడలాడే మోత. వాల్వులను తెరిచి మూసే కడ్డీని, అంటే కామ్‌షాఫ్ట్‌ను, మరీ చురుకుగా కోసిన ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అలాగే ఉంటుంది. తరవాత మంచులోంచి ముక్కు కనిపించింది. 1955 షెవర్లే, రెండు తలుపుల బండి, మాసిన ఆకుపచ్చ. ముందు బంపర్ లేదు. తలుపు మీద బ్రష్షుతో రాసిన తెల్లటి అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

దిగినాయనకు డెబ్బై దాటి ఉంటాయి. నేను తిన్నగా ముందు చక్రాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాను. ఆయన పరుగున వచ్చి పక్కనే కూర్చున్నాడు. వయసులో అంత పెద్దవాడు అలా చటుక్కున నేల మీద కూర్చోవడం చూసి మా మేనల్లుడు కంగారుపడ్డాడు. ‘ఏం చూస్తున్నారు?’ అన్నాడాయన. ‘మా నాన్నగారి ప్రశ్నకు సమాధానం’ అన్నాను.

సమాధానం ఇది. బండి ఒక్కసారిగా ముందుకు దూకితే బరువు వెనక చక్రాల మీదికి వాలుతుంది. బండి గరిమనాభి ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ వాలుతుంది. ఆ రోజుల టైర్లకు పట్టు తక్కువ. ఇంజన్ శక్తి ఎంత పెంచినా వెనక టైర్లు ఉన్నచోటే తిరిగి పొగ కక్కేవి. అందుకని బండిని పైకి లేపారు. ముందువైపు బరువైన అమరిక తీసేసి, తేలికపాటి ఇరుసు, రెండు కమాను కట్టలు పెడితే బరువు తగ్గింది, ఎత్తు పెరిగింది, ఖర్చూ కలిసొచ్చింది. పాత చిన్న ట్రక్కుల ఇరుసులు పనికిరాని ఇనుప సామాను ధరకే దొరికేవి. లేపుతూ పోతే అంతెక్కడ? ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ, క్రాంక్‌షాఫ్ట్, మధ్యభాగం నేలకు 24 అంగుళాలు మించి ఉండకూడదని నియమం వచ్చింది. ఇంజన్‌ను వెనక్కి జరపడానికి కూడా హద్దు ఉంది: రెండు ఇరుసుల మధ్య దూరంలో పదో వంతు వరకే. కిటికీ అద్దాల స్థానంలో ప్లాస్టిక్, ముందు మడ్‌గార్డులు, బానెట్ ఫైబర్‌గ్లాస్, బంపర్ పీకేయడం, ఇవన్నీ బరువు కోసమే. వెనక మడ్‌గార్డుల్ని గుండ్రంగా కోయడం లావు టైర్లు పట్టడానికి. 1960ల చివరికి టైర్లు బాగుపడ్డాయి, ఎత్తుతో పని లేకుండా పోయింది, పందెపు బండ్లు మళ్లీ కిందికి దిగాయి.

‘మరి ఇది రోడ్డు బండి కదా, ఇప్పటికీ ఎత్తుగానే ఎందుకు?’ అని అడిగాను. ఆయన నవ్వలేదు. ‘నేను పన్నెండేళ్లప్పుడు లయన్స్ పందెపు మైదానంలో చూసిన బండి ఇలాగే ఉండేది. దాన్ని రోడ్డు మీద నడిపితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని కట్టాను’ అన్నాడు. ముందువైపు పెట్రోలు ట్యాంకు మాత్రం పెట్టలేదు. పందెంలో దానికో ప్రయోజనం ఉంది: ఇంజన్‌కు దగ్గర, పైగా బండి దూకినప్పుడు పెట్రోలు తనంతట తనే వెనక్కి, ఇంజన్ వైపు తోసుకువస్తుంది. రోడ్డు మీద, బంపర్ కూడా లేని ముక్కుకు ముందు పెట్రోలు కట్టుకుని తిరగడం తెలివైన పని కాదని ఆయన లెక్క. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేశాడు. పొగ గొట్టాల చివర మూడేసి బోల్టుల మూతలు ఉన్నాయి. మూతలు బిగించి ఉంటే పొగ సైలెన్సర్ల గుండా పోతుంది, పందెం మైదానంలో అవి ఊడదీస్తే తిన్నగా బయటికి. కాలిఫోర్నియాలో 1975 వరకు వచ్చిన పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు, కానీ సైలెన్సర్ తప్పనిసరి. ఏది దేనికి ఉందో, ఏది ఎందుకు లేదో చెప్పగలిగిన మనిషి. నిన్నటి ఎర్ర బండి ముందు నాకు కలగని గౌరవం ఇక్కడ కలిగింది.

‘ఎక్కండి’ అన్నాడు. సీటు ఎత్తు ఎంతంటే కాలు పైకెత్తి వేసి, పైనున్న ఇనుప కడ్డీ పట్టుకుని లోపలికి జరగాలి. పసిఫిక్ కోస్ట్ హైవే మీదికి వెళ్లాం. బానెట్ కింద 327 ఘనపు అంగుళాల వి-8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, నాలుగు గేర్లు, వెనక ఇరుసులో గేర్ల నిష్పత్తి 4.56. అంటే గంటకు 60 మైళ్ల వేగానికే ఇంజన్ నిమిషానికి 3,000 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. హైవే బండి కాదిది. స్టీరింగ్‌ను ఆయన ఒక్క క్షణం కూడా కదలకుండా పట్టుకోలేదు. రోడ్డు మీద ప్రతి గతుకుకూ ఇరుసు మొత్తం ఒక పక్కకు వంగుతుంది, దాంతోపాటే బండి దారి మారుతుంది. ఆయన చేతులు అంతకు ముందే అటు తిరుగుతాయి. ఎద్దుల నడక తెలిసిన బండివాడి చేతిలో పగ్గాల్లా ఆ చక్రం ఆడుతూనే ఉంది. క్లచ్ నొక్కినప్పుడల్లా ఆయన తొడ కండ బిగుసుకోవడం కనిపించింది. ఎడమ పక్క పసిఫిక్ సముద్రం మంచులో తెల్లగా ఉంది. వేడి నూనె, రబ్బరు, పాత బట్ట సీటు కలిసిన వాసన. దారి ఖాళీగా ఉన్నచోట రెండో గేరులో ఒకసారి పెడల్ నొక్కాడు. ముక్కు లేచింది, నా వీపు సీటుకు అతుక్కుపోయింది, ఎదురుగా బానెట్ తప్ప రోడ్డు కనిపించలేదు. మూడు సెకన్లు. అంతే, వదిలేశాడు.

మూలకు తిరిగి వచ్చేసరికి బండ్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. వెళ్లేటప్పుడు ఎవరూ టైర్లు అరిగేలా దూకించరు. అలా చేస్తే ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తారు, ఈ కలయికే ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఒక కుర్రవాడు కాస్త రెచ్చగానే నలుగురు పెద్దలు అతని వైపు ఊరికే చూశారు. అతను నెమ్మదించాడు.

‘వచ్చే శనివారం ఫమోసోలో మార్చి మీట్ పందేలు. దీన్ని నడుపుకుంటూ వస్తాను, అక్కడ కలవండి. ఈలోగా లయన్స్ ఉండిన చోటు, విల్మింగ్టన్, వెళ్లి చూడండి’ అన్నాడు.

ఆదివారం, పొమోనా

ఫెయిర్‌ప్లెక్స్ మైదానంలో పాత సామాన్ల సంత. తెల్లవారుజామున 5 గంటలకే గేటు తెరుస్తారు, కొనేవాళ్లు టార్చిలైట్లతో వస్తారు. టికెట్టు, పార్కింగ్ కలిపి మనిషికి 20 డాలర్ల పైమాట.

ముందుగా ఇరుసుల కోసం వెతికాను. తుప్పు పట్టిన ఫోర్డ్ వ్యాను ఇరుసుకు ఒకాయన 350 అడిగాడు. బేరం మర్యాదగా సాగుతుంది. వస్తువును తిట్టకూడదు. ‘మీకు తగిన ధర అదే, నా జేబుకు తగినది ఇది’ అన్నట్టు మాట్లాడాలి. ఒక మెక్సికన్ దంపతులు కార్బురేటర్లు విప్పి, కడిగి, వరుసగా పేర్చి అమ్ముతున్నారు. భర్త ఇంజన్ సంగతులు చెబుతుంటే భార్య డబ్బు లెక్క చూస్తోంది. ఆఖరి ధర ఆవిడదే.

ఇంకో చోట జి.ఎం.సి. 6-71 సూపర్‌చార్జర్ విడి భాగాలుగా పరిచి ఉంది. ఈ పరికరం పుట్టింది పందేల కోసం కాదు. ట్రక్కులకు, బస్సులకు వాడిన రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్ది: ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపు అంగుళాలు. ఆ ఇంజన్‌కు గాలి ఊదేందుకు పెట్టిన ఊదుడు యంత్రాన్ని హాట్ రాడ్ కుర్రవాళ్లు పీకి, వి-8 నెత్తిన బిగించారు. ఇటువంటి పని ఆటోనగర్‌లో ఎవరికీ వింతగా ఉండదు. ఒక బండి కోసం పుట్టిన భాగం ఇంకో బండికి ప్రాణం పోయడం నేను రోజూ చూస్తూ పెరిగిన సంగతే. లోపలి రోటర్లను చేతితో తిప్పి చూడనిచ్చారు. రెంటి మధ్య సందు కాగితం మందం. ఒకదాన్నొకటి తాకకుండా మెలితిరిగి దొర్లే ఆ నున్నని తిరుగుడు చేతికి తెలిసింది. పక్కనున్న పెద్దమనిషి, ‘ఇంకోసారి తిప్పండి’ అన్నాడు. తిప్పాను.

పాత పత్రికలు అమ్మే బల్ల దగ్గర మధ్యాహ్నం దాకా ఉండిపోయాను. 1960లలో గ్యాసర్ల పోటీ మైదానంలో కంటే పత్రికల ప్రకటనల్లో ఎక్కువ వేడిగా సాగింది. కామ్‌షాఫ్టులు తయారుచేసే ఇస్కెండేరియన్, ఎంగిల్ తమ కామ్ వాడిన బండి గెలవగానే పేజీకెక్కించి ఎదుటివాళ్లను సవాలు చేసేవారు. గ్యాసర్ యుద్ధాలు అని పేరొచ్చింది వాటి వల్లే. అన్నిటికంటే పేరుమోసిన జట్టు స్టోన్, ఉడ్స్ అండ్ కుక్. ఫ్రెడ్ స్టోన్, టిమ్ ఉడ్స్ నల్లజాతి భాగస్వాములు, బండి నడిపే డగ్ కుక్ తెల్లవాడు. అమెరికాలో పౌరహక్కుల పోరాటం రగులుతున్న ఆ ఏళ్లలోనే ఈ ముగ్గురూ తమ పేర్లు ఒకే తలుపు మీద రాసుకుని, 1941 విలీస్‌తో ఊరూరా గెలిచారు. వాళ్లకు దీటుగా నిలిచినవాడు బిగ్ జాన్ మజ్మానియన్, ఎర్రని విలీస్ యజమాని, ఆర్మీనియా మూలాలవాడు. ఆ రోజుల బండ్ల గురించి రాసేవాళ్లు వేగాలు, సమయాలు రాస్తారు. ఆ తలుపు మీది మూడు పేర్ల గురించి ఇంకా ఎక్కువగా రాయవలసి ఉందని నా అభిప్రాయం.

వాలీ పార్క్స్ పేరిట ఉన్న పందెపు బండ్ల మ్యూజియం అదే ఆవరణలో ఉంది. చూడదగ్గదే. కాని ఆ రోజు బయట దుమ్ములో చూసినవి నాకు ఎక్కువ నచ్చాయి. అక్కడ చేతితో తిప్పనిస్తారు.

సోమవారం, శాంటా ఫే స్ప్రింగ్స్, ఆర్టీసియా

నార్వాక్ బులవార్డ్ మీద మూన్ఐస్ దుకాణం. ముందు గోడ మీద పక్కకు చూస్తున్న రెండు కళ్ల గుర్తు. దీనికి మూలపురుషుడైన డీన్ మూన్ తండ్రికి మూన్ కఫే ఉండేది. కొడుకు ఆ పక్కనే కారు భాగాలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1962లో రేసు డ్రైవరు కారల్ షెల్బీ తన మొదటి కోబ్రా కారులో ఫోర్డ్ ఇంజన్ బిగించింది ఈ షెడ్డులోనే. 1987లో మూన్ చనిపోయాక, ఆయన సరుకును జపాన్‌లో అమ్మిన సుగానుమా ఆ పేరును నిలబెట్టాడు.

గ్యాసర్ల ముక్కు మీద కనిపించే గుండ్రటి ట్యాంకు ఇక్కడిదే. అల్యూమినియం రేకును లేత్ మీద తిప్పుతూ, పొడవాటి కర్రలాంటి పనిముట్టుతో అచ్చుకు నొక్కి ఆకారం తెస్తారు. మన అల్యూమినియం గిన్నెలు చేసే పద్ధతి కూడా ఇదే. అల్మరాలోని ట్యాంకు మీద వేలు ఆనించి చూస్తే ఆ పనిముట్టు నడిచిన సన్నటి వలయాలు తగిలాయి. కొనాలని అనిపించింది, ధర చూసి కళ్ల గుర్తు ఉన్న స్టిక్కర్లు తీసుకున్నాను. ఒక్కొక్కటి 3 డాలర్లు.

అక్కడికి దగ్గరే ఆర్టీసియా. పయొనీర్ బులవార్డ్ పొడవునా మన దుకాణాలు: చీరలు, బంగారం, పచారీ, మిఠాయిలు. పెసరట్టు దొరికింది, అల్లం పచ్చడి కాస్త తియ్యగా ఉన్నా ఘాటు ఉంది. మా మేనల్లుడి భార్య ఆఫీసు నుంచి అక్కడికి వచ్చి కలిసింది. స్టిక్కర్లు చూసి, ‘మామయ్యగారూ, దీన్ని మన కారుకు అంటించేద్దాం’ అంది. అంటించింది కూడా.

మంగళవారం, విల్మింగ్టన్

అలమీడా వీధి పక్కన, 223వ వీధికి దగ్గరలో ఇప్పుడు కంటెయినర్ల యార్డు. రైలు పట్టాలు, క్రేన్లు, అంతస్తులుగా పేర్చిన పెట్టెలు. ఫోను చూపించిన దారి ఒక ఇనుప గేటు దగ్గర ముగిసింది. తిరిగి చుట్టూ వచ్చేసరికి లారీల వరుసలో ముప్పావు గంట పోయింది.

లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ ఇక్కడ ఉండేది. వీధుల్లో పందేలాడి చచ్చిపోతున్న కుర్రవాళ్లకు ఒక చోటు కావాలని స్థానిక లయన్స్ క్లబ్బులు కలిసి 1955లో తెరిచాయి. మొదటి నిర్వాహకుడు మిక్కీ థాంప్సన్. సముద్రమట్టానికి దగ్గర కనుక గాలి చిక్కన, ఇంజన్లకు బలం. అందరూ బీచ్ అనే పిలిచేవారు. చుట్టూ ఇళ్లు పెరిగాయి, శబ్దం మీద ఫిర్యాదులు పెరిగాయి. 1972 డిసెంబర్ 2న చివరి పందెం జరిగింది. ఆ రాత్రి జనం కంచెల మీదా, గోడల మీదా కూర్చుని చూశారు.

యార్డు కాపలాదారు వచ్చి ఏం కావాలని అడిగాడు. చెప్పగానే చేత్తో ఒక వైపు చూపించాడు. ‘అటు నుంచి ఇటు పరుగెత్తేవట. ముసలివాళ్లు వచ్చి నన్నే అడుగుతుంటారు, వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను’ అన్నాడు. పావు మైలు, 402 మీటర్లు. ఆ దూరం ఇప్పుడు పెట్టెల కింద ఉంది. షెవర్లే పెద్దాయన పన్నెండేళ్లప్పుడు ఎక్కడ కూర్చున్నాడో తెలిస్తే బాగుండునని అనిపించింది.

రోడ్డు పక్కన టాకోలు అమ్మే ట్రక్కులో చికెన్ టాకోలు తిన్నాం, ఒక్కొక్కటి 3 డాలర్లు. ముల్లంగి ముక్కలు, నిమ్మకాయ, కాల్చిన పచ్చిమిరపకాయ విడిగా పెడతారు. తిన్నాక ఎన్ని తిన్నామో మనమే చెప్పి డబ్బివ్వాలి, వాళ్లు లెక్కపెట్టరు.

శుక్రవారం రాత్రి, బేకర్స్‌ఫీల్డ్

గ్రేప్‌వైన్ కనుమ దిగితే కాలిఫోర్నియా వేరే రాష్ట్రంలా మారిపోతుంది. చదునైన పొలాలు, చమురు బావులు, లారీలు. ఇక్కడ బాస్క్ జాతివాళ్ల హోటళ్లు ఉన్నాయి. గొర్రెలు కాయడానికి స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల నుంచి వచ్చినవాళ్ల భోజనం. అడక్కుండానే ముందు వరుస దిగుతుంది: కూరగాయల సూపు, చిక్కుడు గింజలు, కారం సల్సా, సలాడ్, రొట్టె. సూపులో గింజలు, సల్సా కలుపుకోవాలని పక్క బల్ల మీది పెద్దావిడ తన గిన్నెలో కలిపి చూపించింది. ఊరబెట్టిన ఆవు నాలుక వద్దని చెబితే వడ్డించే అమ్మాయి ఏమీ అనుకోకుండా ఇంకో గిన్నె గింజలు తెచ్చింది. వెల్లుల్లి దట్టించి వేయించిన కోడి అసలు వంటకం. ఇద్దరికీ 70 డాలర్లు అయినా, సగం కట్టించుకు వెళ్లి మర్నాడు తిన్నాం.

శనివారం, ఫమోసో

99వ నంబరు రహదారి దిగాక ఫోను మమ్మల్ని బాదం తోటలోకి తీసుకెళ్లింది. పూత రాలే కాలం. మట్టి బాట మీద తెల్లని రేకులు, చెట్ల మధ్య తేనెటీగల పెట్టెలు. బాదం పూతకు ఈగలు కావాలని దేశం నలుమూలల నుంచీ లారీల మీద తెస్తారు. పెట్టెలు సర్దుతున్న ఒకాయన మమ్మల్ని చూసి, అడగకుండానే, చెయ్యెత్తి తూర్పుకు చూపించాడు. ఆ వైపు నుంచి ఉరుము లాంటి మోత వస్తోంది.

రెండో ప్రపంచయుద్ధ కాలపు విమాన మైదానం పందెపు దారి అయింది. 1959లో బేకర్స్‌ఫీల్డ్‌కు చెందిన స్మోకర్స్ అనే క్లబ్బు ఇక్కడ మొదటి మార్చి మీట్ నిర్వహించింది. బండ్లు విప్పి బిగించే చోటుకు ప్రేక్షకులు తిన్నగా వెళ్లవచ్చు. నైట్రో బండి పక్కన నిలబడితే కళ్లు మండి నీళ్లు కారుతాయి, పళ్లు కదిలినట్టు ఉంటుంది. నాకు కావలసింది గ్యాస్ తరగతులు. వాటికి ఇప్పుడు కాలపరిమితి ఉంది. ఉదాహరణకు సి/గ్యాస్‌కు 9.60 సెకన్లు. అంతకంటే తక్కువలో చేరితే ఓడినట్టే. వేగం కంటే నిలకడకు పరీక్ష.

కంచె దగ్గర, బయలుదేరే గీతకు పక్కనే నిలబడ్డాను. రెండు బండ్లు టైర్లు తడిపి, తిప్పి, వేడెక్కించి గీత దగ్గరికి వచ్చాయి. నా వైపు ఉన్నది నల్లని విలీస్. చిన్న పసుపు దీపాలు వెలిగాయి. ఇంజన్ మోత పెరిగి ఒక చోట ఆగింది. పచ్చదీపం పడగానే ముందు ఇరుసు కిందికి వేలాడింది. చక్రాలు రెండూ నేల విడిచి గాలిలో నెమ్మదిగా తిరుగుతున్నాయి. వెనక టైర్ల పక్క గోడలు చీర కుచ్చెళ్లలా ముడతలు పడి, విప్పుకుని, మళ్లీ ముడతలు పడ్డాయి. బరువంతా వెనకే. పెద్దాయన నేల మీద కూర్చుని చెప్పిందంతా ఆ ఒక్క క్షణంలో కళ్లముందు జరిగింది. మా నాన్నగారు ఉంటే ఈ కంచె దగ్గరే నిలబెట్టేవాణ్ని. ఏమీ చెప్పక్కర్లేకపోయేది.

చెట్ల నీడలో నిలిపిన ప్రదర్శన బండ్ల మధ్య ఆకుపచ్చ షెవర్లే దొరికింది. హంటింగ్టన్ బీచ్ నుంచి 150 మైళ్ల పైచిలుకు, కనుమ ఎక్కి దిగి, నడుపుకుంటూ వచ్చాడు. ముందు అద్దం నిండా పురుగులు. ఇరుపక్కలా బండ్లు ట్రైలర్ల మీద దిగినవే. వాటి యజమానులు ఈయన దగ్గరికి వచ్చి అడుగుతున్నది ఒకటే: ఇంజన్ ఎంత వేడెక్కింది? కనుమ మీద 210 డిగ్రీల ఫారెన్‌హైట్ దాకా వెళ్లిందని, ఒక చోట ఆపి చల్లారనిచ్చానని చెప్పాడు. వాళ్లు తలలూపారు. ట్రైలర్ మీద వచ్చినవాటిలో ఇంతకంటే అందమైనవి ఎన్నో ఉన్నాయి. కాని ఆ యంత్రం ఏమిటో తెలుసుకున్నవాడు ఈయనేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎత్తు ఎందుకు అవసరమైందో, ఆ ఎత్తుతో బతకడం ఎంత కష్టమో రెండూ ఆయన చేతులకు తెలుసు.

సాయంత్రం ఆయన వెనకే బయలుదేరాం. గంటకు 55 మైళ్లు దాటలేదు. కనుమ ఎక్కే ముందు పెట్రోలు బంకులో ఆగాడు. 91 ఆక్టేన్ పెట్రోలు 13 గాలన్లు, 70 డాలర్ల దాకా అయింది. అవతలి వరుసలో లారీ నిలిపిన ఒక సర్దార్జీ దిగి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి ముందు ఇరుసును చూశాడు. ఈ బండికి ఇది ఎందుకు అని నన్ను హిందీలో అడిగాడు. పెద్దాయన పెట్రోలు గొట్టం తగిలించి వచ్చేలోగా సగం నేను చెప్పేశాను. మిగతా సగం ఆయన బానెట్ ఎత్తి చెప్పాడు.